డేట్ సంగతి తర్వాత, ముందు ఆ లెటర్ ఇవ్వండి

హైదరాబాద్‌లో ఈమధ్య ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఒక ప్రశ్న వినపడుతోంది. "మీవాడి డేట్ ఎంతవరకు వచ్చిందండీ?" ఏ డేట్ అని ఎవరూ తిరిగి అడగరు. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో ఇండియా గడిలో ఉండే తేదీ అది. 2025 అక్టోబరు బులెటిన్‌లో కూడా ఉద్యోగ గ్రీన్‌కార్డు వర్గాలు ఈబీ-2, ఈబీ-3 రెండూ 2013 దగ్గరే ఉన్నాయి. పన్నెండేళ్ల కిందట వరసలో నిలబడ్డవాళ్లకి అప్పుడు పిలుపొచ్చిందన్నమాట. పెద్దవాళ్లు ఆ తేదీని తిథి వార నక్షత్రాల్లాగా నోటికి చెబుతున్నారు.

ఆ వరసలోకి అడుగు పెట్టకముందు ఇంకో గడప ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. "ఈ ఉద్యోగానికి నీకు అర్హత ఉందా? ఉంటే రుజువు చూపించు" అని అమెరికా ప్రభుత్వం అడిగేది అక్కడ. ఆ రుజువుల్లో చాలా భాగం మన మాదాపూర్ ఆఫీసుల్లో, గచ్చిబౌలిలో, విశాఖ రుషికొండ మీద తయారవ్వాలి. తయారవడం లేదు. ఇందులో తప్పు మా వృత్తివాళ్లది, అంటే హెచ్ఆర్ వాళ్లది అని నా అభియోగం.

నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో, దాన్ని పర్సనల్ డిపార్ట్‌మెంట్ అనే రోజుల్లో ఉద్యోగంలో చేరాను. తర్వాత సాఫ్ట్‌వేర్ వైపు వచ్చి, హెచ్ఆర్ మేనేజరుగా రిటైరయ్యాను. రిటైరైనా ఫోన్లు ఆగలేదు. రాత్రి పది దాటాక న్యూజెర్సీ నుంచో డాలస్ నుంచో ఒక గొంతు: "మేడమ్, గుర్తున్నానా? ఎక్స్‌పీరియన్స్ లెటర్ గురించి మాట్లాడాలి." గుర్తుండకపోయినా ఉన్నావనే చెబుతాను. అంత దూరం నుంచి, ఆ వేళకి, ఊరికే ఎవరూ చెయ్యరు కదా.

వాళ్లకెందుకు కావాలో తెలియాలంటే ఆ గ్రీన్‌కార్డు ప్రక్రియ నడిచే తీరు కొంచెం తెలియాలి. మనవాళ్లు అనుకునేట్టు అక్కడ ముందు మనిషిని చూడరు, ఉద్యోగాన్ని చూస్తారు. కంపెనీ ఫలానా ఉద్యోగానికి కనీసం ఫలానా చదువు, ఇన్నేళ్ల అనుభవం కావాలని రాయాలి. ఆ పనికి ఆ ప్రాంతంలో నడుస్తున్న జీతం ఎంతో కార్మిక శాఖ తేల్చి చెబుతుంది. రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వెయ్యాలి, రాష్ట్ర ఉద్యోగ కల్పన సంస్థ దగ్గర ముప్పై రోజులు ఖాళీ చూపించాలి, ఆఫీసు గోడకి నోటీసు అంటించాలి, ఇంకొన్ని చోట్ల వెతకాలి. అర్హులైన అమెరికన్లు ఎవరూ రాలేదని తేలాకే పెర్మ్ దరఖాస్తు, అంటే ఆ మాటే ధ్రువీకరించమని కార్మిక శాఖని అడగడం. ఆ దరఖాస్తు వేసిన రోజే ప్రయారిటీ డేట్, పెళ్లి భోజనాల్లో అడిగే ఆ తేదీ. పెర్మ్ ఆమోదం పొందాక 180 రోజుల్లోపు కంపెనీ ఆ ఉద్యోగి కోసం ఐ-140 అనే పిటిషన్ వెయ్యాలి. జీతం ఇచ్చే స్తోమత ఆ మొదటి తేదీ నుంచే ఉందని చూపాలి. చిన్న కన్సల్టెన్సీలు చాలావరకు బోర్లా పడేది ఇక్కడే.

ఉద్యోగి అర్హత చూసేది ఐ-140 దగ్గర. ఎలా చూస్తారు? పెర్మ్ వేసిన తేదీ నాటికి, కంపెనీ రాసిన ప్రతి అర్హతా ఆ మనిషికి అప్పటికే ఉండి తీరాలి. తర్వాత సంపాదించినది ఎంత గొప్పదైనా పనికిరాదు. ఈ సూత్రం 1977లో వింగ్స్ టీ హౌస్ అనే ఒక హోటల్ కేసులో స్థిరపడింది. నేటికీ లక్షల జీతాల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను ఆ టీ హౌస్ తీర్పుతోనే కొలుస్తున్నారు. ఇంకో మెలిక కూడా ఉంది. స్పాన్సర్ చేస్తున్న కంపెనీలోనే గడించిన అనుభవం మామూలుగా లెక్కలోకి రాదు, అక్కడి పాత పనికీ కొత్త పనికీ పెద్ద తేడా ఉందని చూపితే తప్ప. కాబట్టి పాత కంపెనీల అనుభవమే దిక్కు. ఇక్కడ బీటెక్ చేసి, ఇక్కడే అయిదారేళ్లు పనిచేసి, హెచ్-1 మీద వెళ్లినవాళ్లకి పాత కంపెనీ అంటే హైదరాబాద్ కంపెనీయే. ఈబీ-2 కింద మాస్టర్స్ లేనివాళ్లు బ్యాచిలర్ డిగ్రీ తర్వాత అయిదేళ్లు, ఏటికేడు బాధ్యత పెరుగుతూ వచ్చిన అనుభవం చూపించాలి. ఆ అయిదేళ్లూ ఇక్కడివే.

ఆ అనుభవానికి రుజువు ఏమిటన్నది నిబంధనల్లో స్పష్టంగా ఉంది. పాత యజమాని ఇచ్చిన లెటర్. అందులో సంతకం చేసినవారి పేరు, హోదా, చిరునామా ఉండాలి. ఉద్యోగి చేసిన పనులేమిటో వివరంగా ఉండాలి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఫుల్‌టైమా కాదా అన్నది తెలియాలి.

మనం ఇచ్చేది ఏమిటి? మూడు వాక్యాలు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా సంస్థలో అసోసియేట్‌గా పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం, వారి భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాం. కింద కంప్యూటర్ ఇచ్చిన లెటర్ కాబట్టి సంతకం అవసరం లేదన్న ముక్క. అసోసియేట్ అంటే ఏమిటి? టెస్టింగ్ చేసేవాడూ అసోసియేటే, డేటాబేస్ చూసేవాడూ అసోసియేటే, మా పేరోల్ అమ్మాయీ అసోసియేటే. మధ్యలో రెండు ప్రమోషన్లు వచ్చినా లెటర్లో చివరి హోదా ఒక్కటే ఉంటుంది. బాధ్యత పెరిగిందని ఆ పిల్లవాడు అక్కడ దేన్ని చూపించి నిరూపించాలి?

దీనికి ఎదురు నడిచిన లెటర్ ఒకటి నా చేతుల మీదుగా వెళ్లింది. మా ఇంటికి దగ్గర్లో నారాయణగూడ వైపు ఒక హోటల్ యజమాని నాకు పరిచయం. ఆయన దగ్గర వంట మాస్టరుగా చేసిన మనిషికి టెక్సాస్‌లో ఒక రెస్టారెంటు ఈబీ-3 కింద పిటిషన్ వేస్తోంది. నైపుణ్యమున్న కార్మికుడు అనిపించుకోవాలంటే కనీసం రెండేళ్ల శిక్షణో అనుభవమో కావాల్సిన ఉద్యోగం అయ్యుండాలి, ఆ అనుభవం ఉన్నట్టు ఇక్కడి నుంచి లెటర్ రావాలి. "మేడమ్, నాకు ఇంగ్లీషు రాదు. నేను చెప్త, మీరు రాసియ్యుండ్రి" అని ఆయన కౌంటర్ దగ్గరే కుర్చీ వేశాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. "పొద్దున ఆరింటికి వచ్చేటోడు. మధ్యాహ్నం బిర్యానీ మొత్తం ఆయన చేతి మీదనే. మాంసం కడిగిచ్చి నానబెట్టుడు, మసాలా పాళ్లు కలుపుడు, దమ్ పెట్టుడు. హండీ దించేది ఆయన చెప్పినంకనే. కింద నలుగురు పిల్లలుండె, వాళ్లకు పని నేర్పేది ఆయననే. సాయంత్రం తందూరు ముంగట నిలవడేటోడు. రంజాన్ నెలల హలీం గోట్నీ సుత ఆయన సూపుతోనే నడిచేది. ఆదివారం సెలవు లేదు, మంగళవారం ఉండె." నేను అన్నీ రాసుకున్నాను. ఏ సంవత్సరం దాకా సహాయకుడు, ఎప్పటి నుంచి మాస్టరు అన్నది కూడా ఆయన జీతాల పుస్తకం తీసి చూసి మరీ చెప్పాడు. లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి తెచ్చాక సంతకం పెట్టి, పక్కన రబ్బరు స్టాంపు వేశాడు. ఆ స్టాంపు మీద ఫోను నంబరు పాత ఏడంకెలదే. కొత్త నంబరు కింద పెన్నుతో రాయించాను.

అమెరికా అధికారికి ఎలాంటి లెటర్ కావాలో అచ్చం అలాంటిదే అది. ఇంగ్లీషు రాని ఒక హోటలాయన గంటలో ఇచ్చాడు. లీగల్ డిపార్ట్‌మెంటు, కంప్లయన్స్ డిపార్ట్‌మెంటు, ఇంకా ఏవేవో ఉన్న కంపెనీలు ఇవ్వలేకపోతున్నాయి.

ఇవ్వకపోతే ఏమవుతుంది? రెండో దారి ఉంది. అసలు లెటర్ దొరకదని చూపించి, కలిసి పనిచేసినవాళ్ల చేత అఫిడవిట్లు ఇప్పించుకోవచ్చు, ఇద్దరి చేత. వినడానికి సుళువే. జనగామ కుర్రవాడొకడు మా దగ్గర చేసి మానేసి, అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో చేరాడు. అది తర్వాత మూతపడింది. అతనికి ఆర్ఎఫ్ఈ వచ్చింది, అంటే ఇంకా ఆధారాలు పంపమని నోటీసు. టీమ్ లీడ్ మెల్‌బోర్న్‌లో ఉన్నాడు, పక్క సీటు అమ్మాయి పెళ్లై కర్నూలులో. ఆమె ఫోన్ ఎత్తదు, ఎత్తినా "నాకెందుకన్నా ఈ కోర్టు కాగితాలు" అంటుంది. వాళ్లిద్దరూ అక్కడ పనిచేశారనడానికి మళ్లీ వాళ్ల లెటర్లు జత చెయ్యాలి! పీఎఫ్ పాస్‌బుక్కు, ఫారం-16 ఉంటే బలం. ఆ కంపెనీ పీఎఫ్ కట్టిందా అంటే లేదు. చివరికి బ్యాంకు స్టేట్‌మెంట్లలో జీతం పడ్డ వరసలు హైలైటర్‌తో గీసి, ఆ అఫిడవిట్లతో కలిపి పంపాడు. గట్టెక్కాడు. మా కంపెనీ తరఫు లెటరు మాత్రం రెండేళ్ల పనికీ మూడు వాక్యాలే, నా తర్వాత వచ్చినవారు పాలసీ ప్రకారం అంతకంటే ఇవ్వలేమన్నారు.

చదువు విషయంలోనూ ఇలాంటి చిక్కులే. మూడేళ్ల బీఎస్సీ, బీకాం అమెరికా నాలుగేళ్ల డిగ్రీకి సమానం కాదని 1977లోనే తేల్చారు. బీఎస్సీ తర్వాత ఎంసీఏ చేసినవాళ్లు సాధారణంగా గట్టున పడతారు. బీఎస్సీతో ఆగి పదేళ్లు పనిచేసినవాళ్లకి మాత్రం పెర్మ్‌లో మాటలు జాగ్రత్తగా రాయకపోతే ఈబీ-2 మాట దేవుడెరుగు, ఈబీ-3 ప్రొఫెషనల్ కూడా కష్టమే. ఇంకోటి, మన పిల్లలు ప్రొవిజనల్ చేతికి రాగానే ఉద్యోగంలో చేరిపోతారు. ఒరిజినల్ డిగ్రీ సంగతి విమానం ఎక్కేముందు గుర్తొస్తుంది, యూనివర్సిటీ కౌంటర్ దగ్గర తత్కాల్ ఫీజు కడతారు. ఆ పట్టా మీద తేదీ చదువు అయిపోయిన మూడేళ్ల తర్వాతది. డిగ్రీ తర్వాత అయిదేళ్లు అన్న లెక్క ఆ తేదీ నుంచి మొదలుపెడితే మూడేళ్ల అనుభవం గాల్లో కలిసినట్టే. 2017లో అక్కడి ఇమిగ్రేషన్ అప్పీళ్ల కార్యాలయం దీన్ని సరిచేసింది. చదువు మొత్తం పూర్తయి, కాలేజీ ఆమోదించి ఉంటే ప్రొవిజనల్ తేదీ నుంచే లెక్కించవచ్చని చెప్పింది. కనక ఒరిజినల్ వచ్చింది కదా అని ప్రొవిజనల్‌ని పారెయ్యకండి.

ఈ ఈబీ-2, ఈబీ-3 అంకెలకి మన ఇళ్లల్లో ఎంత విలువో! సంబంధాల్లో "ఐ-140 అయిందా, ఏ కేటగిరీ" అని అడిగేదాకా వచ్చింది. ఈబీ-3 అనగానే ఒక మెట్టు దించి చూడటం. 2020 అక్టోబరులో ఏమైందో ఈ పెద్దమనుషులకి గుర్తు లేదా? ఆ నెల బులెటిన్‌లో దరఖాస్తులు తీసుకునే తేదీ ఇండియా ఈబీ-3కి 2015 జనవరి దాకా ఉరికింది, ఈబీ-2 2011 దగ్గర కూలబడింది. మాస్టర్స్ ఉన్నవాళ్లు సైతం అటార్నీల చుట్టూ తిరిగి ఈబీ-3లోకి దిగారు. అవి ఉద్యోగానికి పెట్టిన వర్గాలు, మనిషికి వేసే మార్కులు కావు. ఇక ఈబీ-1 మోజు వేరే. అసాధారణ ప్రతిభ అని చూపించడానికి డబ్బులిచ్చి అవార్డులు కొనడం, ఎవరో రాసిన పేపర్ల మీద పేరు వేయించుకోవడం. ఇలాంటి ప్యాకేజీల కోసం ఫోన్ చేసి సలహా అడిగేవాళ్లకి నా దగ్గర సలహా లేదు.

క్యూ అన్యాయం కాదా అని అడుగుతారు. అన్యాయమే. 1990 చట్టం ఏడాదికి 1,40,000 ఉద్యోగ గ్రీన్‌కార్డులు అంది, కుటుంబసభ్యులతో కలిపి. అందులో ఈబీ-2 వాటా 28.6 శాతం. ఏ దేశానికైనా ఏడు శాతం హద్దు. ఇతరులు వాడుకోగా మిగిలినవి రాకపోతే ఇండియాలో పుట్టినవాళ్లకి ఈబీ-2లో ఏడాదికి సుమారు 2,800. ఐస్‌లాండ్‌కీ అదే హద్దు, మనకీ అదే. 2019 జులైలో ప్రతినిధుల సభ 365-65 ఓట్లతో ఆ హద్దు తీసెయ్యమంది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవలేదు, బిల్లు పోయింది. కోవిడ్ ఏడాది తర్వాత, 2021 ఆర్థిక సంవత్సరంలో, కుటుంబ కోటా మిగిలి వచ్చి చేరితే 2,62,000 దాకా కార్డులు చేతిలో ఉండి కూడా 66 వేలకు పైగా వృథా చేశారు. ఇవన్నీ వాషింగ్టన్‌లో తేలాల్సినవి. నేను సికింద్రాబాద్‌లో కూర్చుని ఎంత రాసినా అక్కడ కదిలేది లేదు. ఇక్కడ కదిలేది ఒకటుంది కాబట్టే నా గోల.

మా వృత్తివాళ్ల అభ్యంతరాలు నాకు తెలుసు, నేనూ ఆ మీటింగుల్లో కూర్చున్నాను. ఒకటి, వివరంగా రాస్తే రేపు లీగల్‌గా చుట్టుకుంటుందని. నిజంగా చేసిన పనిని చేశాడని రాస్తే ఏం చుట్టుకుంటుంది? చుట్టుకునేది అబద్ధం. అమీర్‌పేట సందుల్లో అమ్మే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లలో మాత్రం పనుల వివరాలు ఎంత చక్కగా, అటార్నీ మెచ్చేట్టు ఉంటాయో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసినవాళ్లందరికీ తెలుసు. నిజం లెటర్ మూడు వాక్యాలు, దొంగ లెటర్ రెండు పేజీలు. మనమిచ్చే అరకొర లెటర్లే ఆ దుకాణాలకి బేరం తెస్తున్నాయి. ఆ దుకాణానికి వెళ్లినవాడి గతి ఏమిటంటే, తెలిసి తప్పుడు కాగితం పెట్టాడని తేలితే అమెరికాలోకి జీవితాంతం నిషేధం. పదేళ్ల తర్వాత బయటపడినా ఆమోదించిన ఐ-140ని రద్దు చెయ్యవచ్చు. అప్పటికి ఇల్లు కొని, పిల్లలు హైస్కూల్లో ఉంటారు.

రెండో అభ్యంతరం, ఇలాంటి లెటర్లిస్తే జనం ఇంకా తొందరగా మానేస్తారని. మానేసేవాడు లెటర్ చూసి మానెయ్యడు. నోటీస్ పీరియడ్ మూడు నెలలు పెట్టినా ఆగనివాళ్లు లెటర్ ఇవ్వనంటే ఆగుతారా?

బాలానగర్ ఫ్యాక్టరీలో నేను చేరిన కొత్తలో, లేత్ మీద పనిచేసి రిటైరైన టర్నరుకి సర్వీసు సర్టిఫికెట్ టైపు చెయ్యడం నా పని. 1946 నాటి చట్టం కింద వచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో పర్మినెంట్ కార్మికుడికి అది హక్కుగా ఉండేది. అడుక్కునేది కాదు. ఏ షాపులో, ఏ మెషీన్ మీద, ఏ గ్రేడులో అన్నీ ఉండేవి. సాఫ్ట్‌వేర్ రాగానే ఆ హక్కు దయ అయిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఐటీ కంపెనీలకి షాపుల చట్టంలోని కొన్ని నిబంధనల నుంచి మినహాయింపులిస్తూ ఏళ్లుగా జీవోలు తెస్తున్నాయి. మినహాయింపు ఇచ్చే ఆ జీవోలోనే ఒక షరతు చేర్చవచ్చు: మానేసిన ప్రతి ఉద్యోగికీ, అడిగినా అడగకపోయినా, చేసిన పనులు, హోదాలు, తేదీలతో, బాధ్యుడైన ఒక మనిషి సంతకంతో సర్టిఫికెట్ ఇవ్వాలని. సర్కారుకి పైసా ఖర్చు లేదు. కంపెనీ మూసేస్తున్నప్పుడు ఆ రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయో కార్మిక శాఖకి చెప్పి వెళ్లాలన్నది కూడా కలిపితే జనగామ కుర్రవాడి లాంటివాళ్లకి మెల్‌బోర్న్ దాకా ఫోన్లు చేసే బాధ తప్పుతుంది.

తల్లిదండ్రులకి ఒక మాట. గ్రీన్‌కార్డు ఫైలింగ్‌కని కంపెనీ డబ్బడుగుతోంది, ప్లాటు అమ్మి పంపాలి అని మీవాడు చెబితే ఆగండి. పెర్మ్‌కి అయ్యే కంపెనీ అటార్నీ ఫీజు, ప్రకటనల ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి, ఉద్యోగి నుంచి తీసుకోకూడదని 2007 జులై నుంచి నిబంధన ఉంది. తీసుకునే కంపెనీ మిగతా కాగితాలు ఎలా నడుపుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఉద్యోగం మారబోతున్న పిల్లలు చివరి రోజు ల్యాప్‌టాప్ అప్పగించే ముందే లెటర్ అడగండి. మీ మేనేజరు అప్పటికింకా అదే అంతస్తులో ఉంటాడు. మీరు చేసిన పనులు మీరే ఒక పేజీలో రాసి ఇస్తే చదివి దిద్దుతాడు. ఏడేళ్ల తర్వాత ఫోన్ చేస్తే ఆయనే ఎక్కడుంటాడో! నా తోటి హెచ్ఆర్ వాళ్లు మాత్రం ఫార్మాట్ మార్చాలంటే బెంగళూరులో లీగల్ వాళ్ల అనుమతి కావాలంటున్నారు. పంపండి. వాళ్లు నమూనా అడిగితే నారాయణగూడ హోటలాయన లెటర్ కాపీ నా దగ్గర ఉంది, పేరు కొట్టేసి ఇస్తాను.